ఆకుపచ్చ అట్టముక్కలు

గడియారం సారు రంగు ఆకుపచ్చ. ఆ రంగు అట్టముక్కలన్నీ ఇప్పుడు ఆమె ఒళ్లో ఉన్నాయి, గుండుసూదుల డబ్బా మూత తీసి బల్ల మీద ఉంది, తలుపుకి లోపల గడియ పడి ఉంది, ఎదురుగా గోడ నిండా ఖాళీ బోర్డు నోరు తెరుచుకుని చూస్తోంది. అడ్డంగా వారాలు, నిలువుగా పీరియడ్లు. ఎవరి రంగు ముక్క ఏ గడిలో గుచ్చితే ఆ టర్మంతా వాళ్లు ఆ వేళకి అక్కడ ఉండాల్సిందే. ఉపాధ్యాయులు కాబోయేవాళ్లకి పాఠం చెప్పడం నేర్పే ఈ శాఖలో అధ్యాపకుల ఎండా వానా అన్నీ ఆ బోర్డు మీదే, ఎవరు పొద్దున్నే పరిగెత్తాలో, ఎవరు నింపాదిగా టీ తాగి రావచ్చో, ఎవరు చీకటి పడేవేళకి ఇల్లు చేరాలో అంతా ఆ సూదిమొన మీదే, ఆ సూది ఇన్నేళ్లూ గడియారం సారు వేళ్ల మధ్యే ఉండేది. పొద్దున హెడ్ మేడమ్ పిలిచి, చూస్తున్న కాగితం లోంచి తలెత్తకుండానే, "ఈ టర్ము నుంచి టైంటేబులు నువ్వు చూడమ్మా, ఆయన వంతు అయిపోయింది. చివరి పీరియడ్ గంట కొట్టగానే వచ్చి సంతకం పెట్టేస్తాను, ఆ లోపు గుచ్చి పెట్టెయ్. సంతకం పడ్డాక మాత్రం దేవుడు దిగొచ్చినా మార్చేది లేదు" అంది. అప్పట్నుంచి ఆమె కాళ్లు నేల మీద లేవు. ఇప్పుడు చివరి పీరియడ్ నడుస్తోంది. గంట కొట్టేదాకా ఈ గదికి ఆమే రాణి.

డబ్బాలో చెయ్యి పెడితే ఉంగరం రేకుకి తగిలి టింగుమంది. పెళ్లయి ఇన్నాళ్లయినా ఆ చప్పుడు వింటే నవ్వొస్తుంది, తలుపు పిడి పట్టుకున్నా టింగు, గ్లాసు కడిగినా టింగు, ఎవరో వెనకనుంచి "ఏయ్, నీకు పెళ్లయింది" అని గుర్తుచేస్తున్నట్టు. పొద్దున అద్దం నిండా ఆవిరి పట్టి ఉంటే అతను వేలితో ఒక బొమ్మ గీశాడు, గుండ్రటి మొహం, పెద్ద కళ్లజోడు, అది నువ్వే అన్నాడు, నా ముక్కు అంత పెద్దదా అని ఆమె, ముక్కు కాదు చుక్క జారిపోయింది అని అతను, ఇద్దరూ పళ్లు తోముకునే బ్రష్షులు నోట్లో పెట్టుకుని నవ్వి నురగంతా అద్దం మీదే. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి నిలబడి ఉండటం చూడ్డానికే ఒక్కోసారి పని లేకపోయినా ఆ గదిలోకి వెళ్లొస్తుంది, ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్క ఫోన్ చేసినప్పుడల్లా, "ఏమే, నువ్వు నవ్వుతుంటే ఫోన్లో కూడా పళ్లు కనిపిస్తున్నాయి, కాస్త మూసుకో, దిష్టి తగుల్తుంది" అంటుంది. దిష్టి తగిలింది అక్కా. గడియారం సారు దిష్టే తగిలింది.

తగలడమంటే ఎలా తగిలిందని. పెళ్లయ్యాక ఇద్దరూ సముద్రం చూడ్డానికి వెళ్దామనుకున్నారు, అంతే, పెద్ద కోరికేం కాదు, అతను అంతవరకూ సముద్రం చూడనే లేదు, నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేసేవాడు సముద్రం చూడకపోవడమేమిటని ఆమె ఎంత ఏడిపించిందో. సెలవు కావాలంటే తన బదులు ఎవరు క్లాసు తీసుకుంటారో చూపించాలన్నది ఇక్కడి పాలసీ, సరేనని స్నేహితురాల్ని బతిమాలి ఒప్పించింది, గడియారం సారు తల కూడా ఊపాడు. పెట్టె సర్దింది. కొత్త చెప్పులు, అతనికోసం అంచు వెడల్పు టోపీ, ఆ టోపీ పెట్టుకుని అతను ఇల్లంతా తిరిగి కిటికీ దగ్గర ఆగి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టి, అదిగో ఓడ అన్నాడు. రేపు ప్రయాణమనగా, కొత్త టర్ముకి సంతకం పడేముందు, బోర్డు మీద ఆమె పసుప్పచ్చ ముక్కలు లేచి వెళ్లి ఊరి చివర బడిలో కూర్చున్నాయి. ప్రాక్టీస్ టీచింగ్ పరిశీలన. అంటే ట్రైనీలు అసలు పిల్లలకి పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని చూసి, తప్పొప్పులు రాసి, ఆ రోజే వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. దానికి బదులు మనిషి చెల్లదు, అదీ పాలసీయే. స్టాఫ్ రూములో అడిగితే ఆయన చేతి గడియారం చూసుకుంటూ, "నేనేం చెయ్యనమ్మా, పాలసీ" అన్నాడు. ఆ పేరు ఊరికే రాలేదు, ఎవరు గదిలోకి వచ్చినా ముందు మణికట్టు చూసి తర్వాత మనిషిని చూస్తాడు. పెట్టె అలాగే అటక ఎక్కింది, చెప్పులతో సహా, టోపీతో సహా.

అక్కడితో ఆగినా మరిచిపోయేదేమో. ఆగలేదు. ఆ టర్మంతా ఆమెకి రోజూ మొదటి పీరియడూ ఇచ్చాడు, చివరి పీరియడూ ఇచ్చాడు, మధ్యలో ఎడారంత ఖాళీ. మొదటి పీరియడున్నవాళ్లకి అదే రోజు చివరిది ఇవ్వకూడదన్న నియమం ఉంది, తప్పనిసరైతే తప్ప అని దానికో తోక కూడా ఉంది, ఆ తోక పట్టుకునే టర్మంతా ఈడ్చాడు. అతను సాయంత్రం ముందే ఇల్లు చేరతాడు, తలుపు తీసి కుర్చీ వరండాలో వేసుకుని ఎదురు చూస్తాడు, ఆమె వచ్చేసరికి టీ రెండుసార్లు పెట్టడం, రెండుసార్లు పారబోయడం అయ్యుంటుంది. ఒకనాడు ధైర్యం చేసి, "సార్, కనీసం చివరి పీరియడ్లు కొన్నైనా మార్చండి" అంది. ఆయన గదిలో అందరికీ వినపడేలా, "మధ్యలో అంత గ్యాపు ఇచ్చాను కదమ్మా! గ్యాపులో ఇంటికి వెళ్లి రావచ్చుగా. కొత్త కాపురం!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఎవరో బల్ల కూడా చరిచారు. అప్పుడు ఆమె కూడా నవ్వింది. అదీ మండేది. ఇప్పటికీ కూర తరుగుతూ తరుగుతూ చెయ్యి ఆగిపోయేది ఆయన మాట గుర్తొచ్చి కాదు, తన నవ్వు గుర్తొచ్చి. చెవులు కాలిపోతుంటే, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆ మొహాన్నే నవ్వుగా మార్చి అందరి ముందు పరిచేసిన తన నవ్వు. రాత్రి అతనికి చెబితే, "పోనీలే, ఆయన ఖర్మ" అన్నాడు. ఎలా పోనిస్తుంది. ఖర్మకి టైంటేబులు వేసేదెవరు మరి? ఇదిగో, ఇప్పుడు తనే వేస్తోంది.

లేచింది. సోమవారం మొదటి గడిలో ఆకుపచ్చ. కసుక్కున దిగింది సూది. ఆ చప్పుడు ఎంత బాగుందో, లేత దోసకాయ కొరికినట్టు. సోమవారం చివరి గడిలో ఆకుపచ్చ, ఊరి చివర బడి. మంగళవారం మొదటిది, చివరిది. కసుక్, కసుక్. తప్పనిసరైతే తప్ప సార్, తప్పనిసరే సార్, పాలసీ సార్. ఆ బడికి వెళ్లే బస్సు వేడివేడిగా ఉంటుంది, చివరి సీటులో ఇంజను పొగ మొహం మీదే కొడుతుంది, కూర్చోండి సార్, టైము చూసుకోండి సార్. ఇంటికి వెళ్లి రావచ్చుగా సార్, పాత కాపురం! తనలో తనే అనుకుని ఎంత నవ్విందో, కిటికీ అవతల ఎవరైనా ఉంటే పిచ్చి పట్టిందనుకునేవారు. సూదులు పెదాల మధ్య పెట్టుకుంది, చిన్నప్పుడు అమ్మ కుట్టుపని చేస్తూ అలాగే పెట్టుకునేది, మింగుతావే అని నాన్న కేకలేసేవాడు. ఒకటి తీయడం, గుచ్చడం, చెయ్యి దానంతటదే పోతోంది, ఆకుపచ్చ పెట్టడం, పక్కన జత పెట్టడం, ఆకుపచ్చ, పక్కన జత. కూనిరాగం కూడా వస్తోంది. పగ ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే. ఎండాకాలంలో తలారా నీళ్లు పోసుకున్నట్టుంది.

ముక్కలు అయిపోయాక నాలుగడుగులు వెనక్కి వేసి బోర్డు మొత్తం చూసుకుంది. చూసి, పెదాల మధ్య మిగిలిన సూది నిజంగానే మింగబోయింది.

జతలు. ప్రతి పరిశీలనకీ ఇద్దరు ఉండాలి, సబ్జెక్టు తెలిసినవాళ్లొకరు, దాన్ని ఎలా చెప్పాలో నేర్పేవాళ్లొకరు, అలవాటు చొప్పున చెయ్యి ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించేసింది. గడియారం సారుది లెక్కలు. లెక్కలు ఎలా చెప్పాలో నేర్పేది ఈ శాఖలో ఒకే ఒక్కరు. సోమవారం చివర ఆకుపచ్చ, పక్కనే పసుప్పచ్చ. మంగళవారం ఆకుపచ్చ, పక్కనే పసుప్పచ్చ. వారం పొడుగునా, బడి బడికీ, చివరి పీరియడ్ చివరి పీరియడ్‌కీ, రెండు రంగులూ భుజాలు రాసుకుని వరసగా నిలబడి ఉన్నాయి. గడియారం సారుకీ తనకీ పెళ్లి చేసి ఊరేగిస్తున్నట్టుంది బోర్డు! ఆ వేడి బస్సులో ఆయన పక్కన తను. వెనక బెంచీలో ఆయన పక్కన తను. వరండాలో అతను కుర్చీ వేసుకుని, మూడోసారి టీ పెట్టి, మూడోసారి పారబోసి. ఆమె ఫక్కుమని నవ్వింది, నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత కష్టపడి తన గొయ్యి తనే తవ్వి, పక్కనే ఆయనకో చాప కూడా వేసింది. అక్కకి తెలిస్తే పడీపడీ నవ్వుతుంది, "నీకు కక్ష సాధించడం కూడా సరిగ్గా రాదే, వంటలాగే" అంటుంది.

పీకడం మొదలుపెట్టింది. కచ్చగా, ఒక్కొక్కటీ. సూది తీసినచోటల్లా బోర్డు మీద చిన్న చిల్లి మిగిలిపోతోంది. ఆ చిల్లులు కొత్తవి కావు, వాటి పక్కన ఎన్నేళ్ల చిల్లులో, ఎందరి సాయంత్రాలో, ఈ గడిలో ఎవరిని గుచ్చాడో, ఆ గడిలో ఎవరు బతిమాలారో. కిటికీ అవతల మైదానంలో వెలుగు పసుపు తిరుగుతోంది. గంట కొట్టడానికి ఎంతోసేపు లేదు. ఇప్పుడేం చేస్తుంది? అందరికీ వేసినట్టే ఆయనకీ వేసేసి, సంతకం పెట్టించి, మంచిదాన్ననిపించుకుని ఇంటికి పోవాలా? మంచిదాన్ననిపించుకోవడానికా ఇంతకాలం పళ్లు నూరింది? హెడ్ మేడమ్ భుజం తడుతుంది, ఆయన మణికట్టు చూసుకుంటాడు, స్టాఫ్ రూములో ఆ నవ్వు అలాగే నేల మీద పడి ఉంటుంది, ఊడ్చేవాళ్లు లేక. వద్దు. పసుప్పచ్చ తగలకుండా ఆకుపచ్చ ఒక్కటే నిలబడే గడి ఒక్కటి కావాలి. బోర్డు మీద పైనుంచి కిందికి కళ్లు పాకించింది. ఉంది. ఎప్పుడూ ఆకుపచ్చ పడని చోట, అన్నిటికన్నా పైన, ఒంటరి వరస. నమూనా పాఠం.

టర్ముకోసారి ప్రతి అధ్యాపకుడూ పెద్ద హాల్లో, అందరు ట్రైనీల ముందూ, తోటి అధ్యాపకుల ముందూ, ఒక పాఠం చెప్పి చూపించాలి. తర్వాత చూసినవాళ్లు ఒక్కొక్కరే లేచి తప్పొప్పులు చెబుతారు, అందరూ చెప్పడం అయ్యేదాకా పాఠం చెప్పినవాళ్లు నోరు విప్పకూడదు. తను కొత్తగా చేరినప్పుడు చెప్పింది. భిన్నాలు. రొట్టె కోసి చూపిస్తూ చెప్పింది, రాత్రంతా నిద్ర లేదు, కానీ పిల్లలకి చెప్పినట్టే చెప్పింది, ట్రైనీల కళ్లలో వెలుగు వచ్చింది, అది కనబడింది ఆమెకి. అప్పుడు తలుపు దగ్గర నిలబడి చూసిన గడియారం సారు చిట్టచివర లేచి, "గొంతు బాగుందమ్మా. రొట్టె కూడా బాగుంది. పాఠం ఎక్కడుంది?" అన్నాడు. నోరు విప్పకూడదు కదా, విప్పలేదు. రొట్టె ముక్కలు ఏరుకుంది. మరి ఆయన చెప్పే పాఠం? ఎవరూ చూడలేదు. టైంటేబులు చూసేవాళ్లకి నమూనా పాఠం నుంచి మినహాయింపు ఉంది, ఆయన ఆ మినహాయింపులోనే తల నెరిసిపోయాడు. ఆయన క్లాసుకి తలుపు వేసి ఉంటుంది, కిటికీ కూడా వేసి ఉంటుంది, సారు నోట్సు చదివేస్తాడంటారు, బోర్డు వైపు తిరిగి మాట్లాడతాడంటారు, ఎవరేమన్నా అన్నీ చెప్పుకునేవే. ఇప్పుడాయన టైంటేబులు చూడటం లేదు. మినహాయింపు ఇప్పుడు ఆమెది.

ఒక్క ఆకుపచ్చ ముక్క తీసింది. పై వరసలో, వచ్చే బుధవారం మూడో పీరియడ్ అని రాసున్న గడి. ఎవరూ ఆలస్యంగా రాని వేళ, ఎవరికీ ఆకలి వేయని వేళ, ఎవరూ సెలవు పెట్టని రోజు. దానికి ముందు రెండు పీరియడ్లు ఆయనకి ఖాళీ. ఇంతకన్నా మర్యాదైన గడి ఈ బోర్డు మీద లేదు. మెల్లగా, ముద్దుగా, చిటికెన వేలు పైకెత్తి గుచ్చింది. తర్వాత మిగతావి చకచకా, ఎవరూ వేలెత్తి చూపలేనట్టు, ఆయనకి చివరి పీరియడ్లే లేకుండా, పరిశీలనలన్నీ పొద్దుటిపూట దగ్గర బళ్లలో. పసుప్పచ్చ ముక్క పక్కన పడినచోట పడింది, పొద్దుటిపూట ఆ మాత్రం భరించగలదు. తనకి శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ, సోమ మంగళవారాల్లో స్నేహితురాలు బదులు తీసుకోగల క్లాసులే. అది మాత్రం కొంచెం స్వార్థం. టింగుమంది ఉంగరం, ఫరవాలేదులే అన్నట్టు.

తలుపు తట్టారు. గడియ తీస్తే ఆయనే, ముందు మణికట్టు, తర్వాత ఆమె.

"అయిందా అమ్మా?" అన్నాడు లోపలికి తొంగిచూస్తూ. ఆ గొంతులో ఏదో కొత్తగా ఉంది, మెత్తగా, అలవాటు లేని చోట కాలు పెట్టినట్టు. "ఒక్క మాట. చివరి పీరియడ్లు వేయకమ్మా నాకు. మా ఆవిడకి మోకాలు ఆపరేషనైంది. సాయంత్రాలు నడిపించాలి. నేను పక్కన లేకపోతే అడుగు వేయదు."

ఇందాక కసుక్ కసుక్‌మని గుచ్చినవన్నీ అలాగే ఉండి ఉంటే ఈ టర్మంతా ఆ ముసలావిడ ఇంటి గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉండేది, అతను వరండాలో కుర్చీ వేసుకున్నట్టే. ఆ ఊహ కాస్త గుచ్చుకుంది. కానీ వెంటనే మరో ఊహ దాన్ని తోసుకుంటూ వచ్చింది, ఇలాంటి మాట పట్టుకుని ఈయన దగ్గరికి ఎంతమంది రాలేదు, ఎంతమందికి గడియారం చూపించలేదు.

"మీకు చివరి పీరియడ్లు లేవు సార్. ఒక్కటి కూడా."

ఆయన మొహం విప్పారింది. "చల్లగా ఉండమ్మా. నాకు తెలుసు, నువ్వు మంచిదానివి." బోర్డు దగ్గరికి వచ్చి, కళ్లజోడు సర్దుకుని, ఆకుపచ్చ ముక్కల్ని ఒక్కొక్కటే వేలితో తడుముతూ, "బావుంది... బావుంది..." అంటూ కిందినుంచి పైకి వచ్చాడు. పైన వేలు ఆగిపోయింది.

"ఇదేంటమ్మా ఇక్కడ?"

"నమూనా పాఠం సార్."

"అది నాకు..." అని ఆగాడు. ఆగిన చోటే అర్థమైనట్టుంది. "ఎవరెవరు వస్తారు?"

"అందరూ సార్. నేను వెనక బెంచీలో ఉంటాను."

ఉంటుంది. కలం సిరా నింపుకుని వెళ్తుంది. ఆయన బాగా చెబితే బాగా చెప్పారనే రాస్తుంది, ఒక్క అక్షరం అబద్ధం రాయదు, బాగా చెప్పకపోతే అదీ రాస్తుంది, చిట్టచివర లేస్తుంది, ఆయనలాగే. ఆయన నోరు విప్పకూడదు. ఆ హాలూ, ఆ నిశ్శబ్దం, సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరగాలో మనుషుల వైపు తిరగాలో తెలియని ఆ వీపు, ఆమెకి ఇప్పుడే కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. ఆయన మాత్రం మణికట్టు చూసుకోవడం మరిచిపోయి, గుండుసూది తలని చూస్తున్నాడు. "ఇంకా సంతకం పడలేదు కదా" అని గొణుగుతూ చెయ్యి పైకెత్తాడు. వేళ్లు సూదికి తగిలాయి కూడా. అప్పుడు కొట్టారు గంట.

గంట మోత ఆగకముందే హెడ్ మేడమ్ చెప్పుల చప్పుడు, వెనకే మేడమ్. ఆయన చెయ్యి కిందికి వచ్చేసింది. మేడమ్ బోర్డంతా కలయజూసి, పై వరస దగ్గర కనుబొమలెగరేసి, "ఓహో! సారు పాఠమా? ఇన్నేళ్లకి! నేనూ వస్తాను. ముందు వరస నాది" అని, బోర్డు అంచున కాగితం మీద బరబరా సంతకం గీకి, కలం మూత కూడా పెట్టకుండానే వెళ్లిపోయింది. వరండా నిండా ట్రైనీలు, స్టాఫ్ రూములోంచి సంచులు సర్దుకుని వస్తున్న తోటివాళ్లు, ఒకరిద్దరు తలుపు దగ్గర ఆగి బోర్డు వైపు మెడలు సాచారు.

"నేను నలుగురి ముందు క్లాసు చెప్పి చాన్నాళ్లయిందమ్మా" అన్నాడాయన, ఆమెకి మాత్రమే వినపడేలా.

ఆమె మాత్రం అందరికీ వినపడేలా అంది. "ముందు అంత గ్యాపు ఇచ్చాను కద సార్! గ్యాపులో ప్రిపేర్ అవ్వచ్చుగా. కొత్త పాఠం!"

గుమ్మంలో గొల్లుమన్నారు. ఎవరో తలుపు కూడా చరిచారు. గడియారం సారు చెవులు ఎర్రబడ్డాయి, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు, తర్వాత ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి తెలుసు. లోపలినుంచి తెలుసు, ఎక్కడ పుడుతుందో, బయటికి వచ్చేలోపు ఏమేం కాల్చుకుంటూ వస్తుందో, ఏ కూర తరిగేటప్పుడు గుర్తొస్తుందో. ఆమె కళ్లు తిప్పుకోలేదు. చివరిదాకా చూసింది.

సూదుల డబ్బా మూత పెట్టి, సంచి భుజాన వేసుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగుతూ ఫోన్ చేసింది. బయట ఇంకా ఎండ ఉంది, ఎన్నాళ్లకి తీరిగ్గా చూసిందో ఈ వేళప్పటి ఎండని, గోడల మీద, సైకిళ్ల మీద, తన చేతి మీద.

"అటక మీద పెట్టె దించు."

"ఏ పెట్టె? టోపీ పెట్టెనా?" అతని గొంతులో అప్పుడే ఓడ కనబడింది. "ఎప్పుడు? ఎన్నాళ్లకి?"

"శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరదాం. ఎన్నాళ్లైనా ఉందాం" అంది, అని నాలిక్కరుచుకుని, "కాదు కాదు. మంగళవారం రాత్రికల్లా వచ్చేయాలి. బుధవారం నాకు వెనక బెంచీలో చోటు దొరకాలి."